గీత మీద పొట్టు

సెబెష్ కొండల్లో డిసెంబరు వచ్చిందంటే మధ్యాహ్నం కాఫీ చల్లారేలోపే చీకటి పడిపోతుంది. పాలబండి తోలి ఇల్లు చేరిన లియోంతిన్ ఆ రోజు బూట్లు కూడా విప్పకుండా నేరుగా పెరట్లోని కొట్టంలోకి వెళ్ళాడు. మూలనున్న సన్నరంపం మిషను మీది దుప్పటి లాగాడు. దుమ్ము లేచింది. రెండుసార్లు తుమ్మాడు. రెండేళ్ళుగా దాని ముఖం చూస్తే ఒట్టు.

మిషను అంటే పెద్దగా ఊహించుకోకండి. వాళ్ళమ్మ కుట్టుమిషను అది. ఆవిడ పోయాక, సూది ఉండే చోట వెంట్రుకంత రంపపు బ్లేడు బిగించుకున్నాడు. కింద కాలితో తొక్కితే బ్లేడు పైకీ కిందికీ ఆడుతుంది. చెక్కను చేత్తో తిప్పుకుంటూ పెన్సిలు గీత వెంట కోసుకుపోవాలి. ఉడతలు, కోడిపుంజులు, వసారాలకి జాలీలు... ఒకప్పుడు ఆ వీధిలో లియోంతిన్ చేతి జాలీ లేని వసారా లేదు. డబ్బుకి కాదు, సరదాకి. వాళ్ళావిడ వెతూరియా మాత్రం దాన్ని పిచ్చి అనేది.

మళ్ళీ ఆ పిచ్చి ఎందుకు తిరగబెట్టిందంటే, వెతూరియాకి నెలలు నిండుతున్నాయి. ఇంటికి ఊయల కావాలి. ఊయల తలవైపు పలకకి పువ్వుల జాలీ కోద్దామని కూర్చున్నాడు.

"ఏరా, ఊయలకి పువ్వులు కోస్తావు గానీ, పోయిన పిల్ల పక్షిని మాత్రం గోడకి తిప్పి పెట్టేస్తావా?"

అక్క రఫీలా. మరదలికోసం క్యాబేజీ చుట్టల గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడింది. లియోంతిన్ తలెత్తలేదు.

"నీకే చెప్పేది. చెవుల్లో కూడా పొట్టు నింపుకున్నావా?"

"చేస్తాలే అక్కా."

"రెండేళ్ళుగా ఇదే మాట. కొత్తపిల్ల వచ్చేలోపు పాతపిల్లని సాగనంపాలిరా. లేకపోతే అదీ ఇదే ఊయల అడుగుతుంది."

"అక్కా!"

ఆమె నాలుక కరుచుకుంది. గిన్నె పట్టుకుని గబగబా ఇంట్లోకి వెళ్ళిపోయింది.

ఆ ఊళ్ళో పెళ్ళికాకుండా పోయినవాళ్ళ సమాధి దగ్గర పొడుగాటి కొయ్య పాతి, దాని కొసన చెక్కపక్షిని నిలబెడతారు. ఆడపిల్ల అయితే పక్షిని తండ్రే చెయ్యాలంటారు. అది చెక్క నుంచి విడిపడ్డ క్షణానే ప్రాణం కూడా ఇంటి నుంచి విడిపడుతుందని నమ్మకం. తొమ్మిదేళ్ళ ఇలింక ఊపిరితిత్తుల జబ్బుతో పోయినప్పుడు, లియోంతిన్ కొత్త పలక చిత్రిక పట్టి, నున్నగా తోమి, దాని నడుమ ఒకే ఒక్క పక్షిని గీశాడు. కంటికి రంధ్రం పెట్టాడు. తోక కోశాడు, రెక్క కోశాడు, మెడ చుట్టి వచ్చాడు. కాళ్ళ దగ్గర వేలెడు చెక్క మిగిలేసరికి అతని కాలు ఆగిపోయింది. ఆ వేలెడు కోస్తే పిల్ల వెళ్ళిపోతుంది. ఏ తండ్రికి చేతులొస్తాయి చెప్పండి. పలకని గోడవైపు తిప్పి తగిలించాడు. మిషను మీద దుప్పటి కప్పాడు. శ్మశానంలో ఇలింక కొయ్య బోడిగానే నిలబడిపోయింది.

లియోంతిన్ లాంతరు దగ్గరికి జరుపుకుని తొక్కడం మొదలుపెట్టాడు. టకటక, టకటక. తెల్లటి పొట్టు రాలి గీత మీద పేరుకుంది. మోజుపడి చేసుకున్న మిషనే గానీ పొట్టు ఊదే గొట్టం దానికి లేదు. ఆ పని ఇలింకది. బోర్లించిన పళ్ళపెట్టె మీద, అతని కుడిపక్కన కూర్చుని, బల్లకి గడ్డం ఆనించి ఊదుతూ ఉండేది. ఒక ఊదు గీత మీదికి, ఇంకోటి నాన్న మీసాల మీదికి. మీసాల్లో పొట్టు ఎగిరితే దానికి పడీపడీ నవ్వు.

ఇప్పుడు గీత కనబడటం లేదు. తనే ఊదుకుందామని వంగాడు, ఇంకా ఊదనేలేదు.

ఫూ...

పొట్టు రెండుగా చీలి పక్కలకి ఎగిరిపోయింది. నల్లటి గీత బయటపడింది.

లియోంతిన్ కాలు ఆపాడు. తలుపు మూసే ఉంది. కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కే ఉన్నాయి. లాంతరు మంట నిటారుగా ఉంది. మళ్ళీ తొక్కాడు. మళ్ళీ పొట్టు పేరుకుంది. కావాలనే ఊదలేదు. చూస్తూ కూర్చున్నాడు.

ఫూ... గీత మీదికి.

ఫూ... అతని మీసాల మీదికి.

వెచ్చగా ఉంది. ఇలింక చివరి నెలల్లో తాగిన దగ్గుమందు తీపి వాసన ఉంది. భయం వేయాలి నిజానికి. వేయలేదు. అతనికి ఏడుపొచ్చింది. మిషను మీద తల ఆనించి, అమ్మా, నా తల్లీ అంటూ ఎక్కెక్కి ఏడ్చాడు.

ఆ రోజు నుంచి లియోంతిన్ కొట్టం వదిలితేగా. ఊయల పలక ఎప్పుడో అయిపోయింది. ఉడతలు కోశాడు, కుందేళ్ళు కోశాడు, ఎవరికీ అక్కర్లేని చెంచాల స్టాండు కూడా కోశాడు. సంకటి చల్లారిపోతోందని వెతూరియా పెరటి గుమ్మంలోంచి కేకలేస్తే "వస్తున్నా" అనేవాడు, వచ్చేవాడు కాడు. కోసే బొమ్మల్లో గీతలు ఎక్కువుండేలా గీసుకునేవాడు. గీత ఎంత వంకర తిరిగితే అన్నిసార్లు ఊదుతుంది పిల్ల.

కానీ ఆ ఊపిరి నీరసించిపోతోంది. మొదట పొట్టంతా ఎగిరేది, తర్వాత సగమే. మీసాల దాకా రావడం మానేసింది. ఒకనాడు ఊదబోయి మధ్యలో ఆగి... గుర్ర్... గుర్ర్... అని పిల్లికూతలు. ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని విన్న చప్పుడే. ఆ తర్వాత దగ్గు. చిన్న దగ్గు, పొడిదగ్గు. పళ్ళపెట్టె అదురుతోంది.

"చాలమ్మా, ఇంక ఊదకు. నేను ఊదుకుంటాలే."

అయినా ఊదింది. నాన్న పని ఆగిపోతుందని దాని బెంగ.

"ఎవరితో మాట్లాడుతున్నావు?"

వెతూరియా. ఎప్పుడొచ్చిందో, శాలువా కప్పుకుని తలుపు లోపల నిలబడి ఉంది. అబద్ధమాడదామనుకున్నాడు గానీ నోరు రాలేదు. వేలితో పెట్టె చూపించాడు. మిషను తొక్కాడు. పొట్టు పేరుకుంది.

ఫూ... గుర్ర్...

ఆమె గోడ పట్టుకుని మెల్లగా జారి నేల మీద కూర్చుండిపోయింది.

"ఎన్నాళ్ళనుంచి?"

"మిషను తీసిన రోజు నుంచి."

"నన్నెందుకు పిలవలేదు? నేను దాని అమ్మని కాదా? ఒక్కసారి పిలిస్తే ఏం పోయేది నీకు?"

లియోంతిన్ అంతా తనకే దాచుకున్నాడు. పెళ్ళాం కూడా గుర్తు రాలేదు.

ఆమె మోకాళ్ళ మీద పాకుతూ పెట్టె దగ్గరికి వచ్చింది. గాల్లోకి చెయ్యి చాపి, "ఇలింకా, ఇటు రా బంగారం" అని గుసగుసగా పిలిచింది.

కొట్టంలో ఏదీ కదల్లేదు. అంతలో ఆమె శాలువా అంచు లేచింది. ఎవరో చాలా దగ్గరగా ముఖం పెట్టి చూస్తున్నట్టు, ఊపిరి తగిలి, కడుపు మీది గుడ్డ మెల్లగా లోపలికీ బయటికీ ఆడింది. గుర్ర్... గుర్ర్... లోపలి బిడ్డ ఒక్కసారిగా తన్నింది. ఆ తన్ను లియోంతిన్‌కి శాలువా మీదనుంచే కనబడింది.

వెతూరియా రెండు చేతులూ కడుపుకి అడ్డం పెట్టుకుంది. తన పిల్లకి భయపడి తనే అలా చేతులు అడ్డం పెట్టుకున్నందుకు వెక్కివెక్కి ఏడ్చింది.

"చూస్తున్నావుగా, ఎంత ఆయాసపడుతోందో. బతికున్నప్పుడు పడ్డది చాల్లేదా దానికి? పంపించెయ్యి. ఇప్పుడే. నీకు దణ్ణం పెడతాను."

"పంపిస్తే మళ్ళీ రాదు వెతూరియా."

"రాకూడదు." ఆమె లేచి తలుపు దాకా వెళ్ళి ఆగింది. "నేను ఇంకో లాంతరు పట్టుకుని బయట ఉంటాను. అయ్యాక పిలువు. ఈసారైనా పిలువు."

లియోంతిన్ గోడ మీద పలక తీశాడు. తిప్పాడు. ఇలింక పక్షి, కాళ్ళ దగ్గర వేలెడు చెక్కతో వేలాడుతూ, అలాగే ఉంది. చుట్టూ నున్నటి తెల్ల చెక్క. పలకని బ్లేడు కిందికి నెట్టాడు. కాలు కదలనంటోంది. పిడికిలితో మోకాలి మీద గుద్దుకున్నాడు.

టక... టక...

పొట్టు రాలింది. గీత మునిగిపోయింది. కళ్ళనిండా నీళ్ళు, ఎటూ ఏమీ కనబడటం లేదు.

ఫూ...

గీత బయటపడింది.

"వద్దమ్మా... ఊదకు తల్లీ... కాసేపు కనబడకపోతే కనబడకపోనీ..."

ఫూ... గుర్ర్...

అది ఊదుతూనే ఉంది. తన్ను తానే పంపించుకుంటోంది పిచ్చిపిల్ల. వేలెడు కాస్తా తరిగి బియ్యపుగింజంత మిగిలింది. లియోంతిన్ పళ్ళు బిగించి తొక్కాడు.

టక.

పక్షి ఒళ్ళో పడింది.

పెట్టె కిర్రుమంది, ఎవరో దిగినట్టు. దగ్గుమందు వాసన ఒక్కసారి గుప్పుమని... పోయింది. పిల్లికూతలు ఆగాయి. కొట్టం అంతా చల్లబడింది. ఊపిరి కోసం చెవులు రిక్కించాడు. మీసాల మీదికి ఒక్కసారి, ఆఖరిసారి వస్తుందేమోనని ముఖం కుడిపక్కకి తిప్పి ఉంచాడు. రాలేదు. పక్షిని గుండెకి అదుముకుని, పిల్ల పోయిన రోజు ఏడవలేనిదంతా ఇప్పుడు ఏడ్చాడు.

"వెతూరియా!"

ఆమె లాంతరుతో లోపలికొచ్చింది. పక్షిని చేతుల్లోకి తీసుకుని, కంటి రంధ్రం మీద ముద్దు పెట్టుకుంది.

"వెళ్ళిపోయింది కదూ?"

"వెళ్ళిపోయింది."

"నాకూ తెలిసింది." అలసటగా నవ్వి కడుపు నిమురుకుంది. "పొద్దున్నుంచి ఇది ఒకటే తన్నులు. ఇందాక టక్కున సద్దుమణిగింది. అక్కని సాగనంపి నిద్రపోయినట్టుంది, ఒక్క కదలిక లేదు."

లియోంతిన్ కూడా నవ్వబోయాడు. పలకని గోడకి తగిలిద్దామని ఎత్తాడు. లాంతరు వెలుగు దాని మీద పడింది.

పక్షి ఆకారపు ఖాళీ పక్కన, ఇందాక ఏమీ లేని చోట, పొట్టు గుట్టగా పేరుకుని ఉంది. దాని అంచున సన్నటి పెన్సిలు గీత. వణుకుతున్న చేతితో గీసినట్టుంది. ఒక రెక్క కనబడుతోంది. చిటికెన వేలంత తల కనబడుతోంది. కంటికి అప్పుడే రంధ్రం పెట్టి ఉంది. పెన్సిలు మాత్రం లియోంతిన్ చెవి మీదే ఉంది.

"ఏంటది?" అంది వెతూరియా, దగ్గరికొస్తూ.

అతను పలకని వెనక్కి దాచబోయాడు. అంతలో, మిగిలిన పొట్టు మీద...

ఫూ...

దగ్గుమందు వాసన లేదు. పిల్లికూతలు లేవు. ఈసారి ఊపిరి ఎడమపక్క నుంచి వచ్చింది.