మూతలు తీసిన చెయ్యి

పొద్దున్నే టీ పెట్టి, తండ్రికీ భర్తకీ పోసి ఇచ్చి, కూతురు వెనక గదిలోకి వెళ్లింది. పని మీద నాలుగు రోజులు బయటికి వెళ్లి రాత్రే వచ్చింది. ఆ గదిలో అరల నిండా సీసాలు. సీసాల్లో జెల్లీ, జెల్లీలో వేలెడేసి మొక్కలు. కొండ మీద ఇక కనపడని మందు మొక్క అది. దొరికిన ఒక్క మొక్క చిగురు కోసి, ముక్కలు చేసి, మూడేళ్లుగా పెంచుతోంది. సీసా మూత తీసినా, మురికి చెయ్యి తగిలినా బూజు పట్టేస్తుంది. మందుల కంపెనీ వాళ్లు వేళ్లలోని సారం చూడటానికి వచ్చే వారం వస్తామన్నారు.

కాసేపటికి వచ్చి గుమ్మంలో నిలబడింది. చేతిలో సీసా. లోపల తెల్లగా బూజు.

"ఇదొక్కటే కాదు, ముప్పై నాలుగు పోయాయి," అంది భర్తతో. "గది నీకే కదా అప్పజెప్పాను. చేతులు కడుక్కునే లోపలికి వెళ్లావా?"

అతను బస్సు డ్రైవరు. చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ, "కడుక్కున్నాననుకుంటా," అన్నాడు.

"అనుకుంటావా? బస్సుకి బ్రేకు కూడా ఇలా అనుకుంటూనే వేస్తావా?"

"బ్రేకు వెయ్యకపోతే జనం అరుస్తారు. నీ మొక్కలు పాపం నోరెత్తవు."

ఆమె నవ్వలేదు. "నాకు కొన్నాళ్లు కనపడకు," అంది.

అతను తల వంచుకుని సంచిలో రెండు చొక్కాలు పెట్టుకున్నాడు. "అక్కయ్య ఇంట్లో ఉంటాలే."

మూల కుర్చీలో ముసలాయన చేతిలో టీ చల్లారిపోయింది. ఆయన నోటి నుంచి మాట రావడం అరుదు. అల్లుడు చెప్పుల దాకా వెళ్లాక వచ్చింది.

"అతన్ని పోనివ్వకమ్మా. మూతలు తీసింది నేను."

"నువ్వా? ఎందుకు నాన్నా?"

"ఊపిరాడక చస్తాయేమోనని. కాస్త గాలి తగలనిచ్చి మళ్లీ పెట్టేశాను. పై అర నాకు అందలేదు."

ఆమె భర్త వైపు తిరిగింది. "నీకు తెలుసా?"

"చూశాను. ఆపుదామనే వెళ్లాను. మామయ్య గారు వాటితో మాట్లాడుతున్నారు. పెళ్లయి ఆరేళ్లయింది, నాతో అన్ని మాటలు మాట్లాడలేదు. ఆపబుద్ధి కాలేదు."

కూతురు సీసా కింద పెట్టి తండ్రి కాళ్ల దగ్గర కూర్చుంది. "ఏం చెప్పావు నాన్నా?"

"క్షమించమన్నాను. కొండ మీద మీవాళ్లని బస్తాల కొద్దీ తవ్వి అమ్మింది నేనేనని చెప్పాను. విత్తనానికి కూడా ఒక్కటి ఉంచలేదు తల్లీ. ఇక్కడ మిగిలినవాటినీ నా చెయ్యే చంపింది. నువ్వు అతన్ని తిడుతుంటే నోరు మూసుకుని కూర్చున్నాను."

ఆమె ఆయన చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. ఆ చేతి గోళ్లు కొండరాళ్లకి అరిగిపోయినవి.

తర్వాత లేచి భర్త సంచి లాక్కుంది. "నోరు జారాను."

"కొత్తేముంది, రోజూ జారేదే."

తండ్రి మొహానికి మాస్కు కట్టి గదిలోకి తీసుకెళ్లింది. పై అరలో ఆరు సీసాలు పచ్చగా ఉన్నాయి.

"మూత తియ్యక్కర్లేదు నాన్నా. బయట నుంచే చెప్పు."

ముసలాయన సీసాల వైపు మెడ ఎత్తాడు. గుమ్మం వైపు ఓసారి చూసి తల దించుకున్నాడు.

గుమ్మంలో ఉన్న అల్లుడు, "నేను బయటికి వెళ్తాలెండి మామయ్య గారూ, మొహమాటపడకండి," అన్నాడు.

"ఉండు బాబూ," అన్నాడు ముసలాయన కళ్లు తుడుచుకుంటూ. "నీకూ చెప్పాలి."