నది ఒడ్డున ఏమీ జరగని చోటు

"ఐదింటికి కంపెనీ తరఫున మార్తా మాట్లాడుతుంది. ఈలోగా పేరు తేలకపోతే ఆట లేదు. ఆట లేకపోతే జీతాల్లేవు. జీతాల్లేకపోతే ఇదిగో, ఈ హీటరు కూడా ఉండదు," అన్నాడు స్టూడియో నడిపే కుబాన్, హీటరును కాలితో తన్ని.

అప్పటికి మూడూ పది. బిష్కెక్ నగరం మీద పొద్దుటి నుంచీ బొగ్గుపొగ కలిసిన మంచు కురుస్తోంది.

గదిలో ఉన్న పన్నెండు మందిలో పదిమంది సైకాల్ వైపు చూస్తున్నారు. సైకాల్ బల్లవైపు చూస్తోంది. పన్నెండోవాడు ఉర్మత్ తన గోళ్ళు చూసుకుంటున్నాడు.

వాళ్ళు తయారుచేసే కంప్యూటర్ ఆట పేరు 'ఏడు కనుమలు'. గుర్రం మీద ఉత్తరాలు మోసే ఒక పిల్ల సాహసాలు. రెండు భాగాలు వచ్చాయి, మూడోది సగం తయారైంది. దానికి డబ్బు పెట్టే పరాయిదేశం కంపెనీ ఒక షరతు పెట్టింది. మూడో భాగంలో ఏమేం బాగుచేయాలో అభిమానులే కోరాలి, వాళ్ళే ఓట్లు వేయాలి, మొదట నిలిచిన కోరికను ఆటకి గుండెకాయలా పెట్టాలి.

కోరికలు కుప్పలుగా వచ్చాయి. 'ఎక్కడైనా సేవ్ చేసుకోనివ్వండి, మా అమ్మ భోజనానికి పిలిస్తే కనుమ మధ్యలో ఆగలేక తిట్లు తింటున్నా.' 'ఎడమవైపు నుంచి ఎక్కాల్సిన గుర్రం కుడివైపు నుంచి ఎక్కించారేంటి, మా తాత చూసి మూడు రోజులు నవ్వాడు.' 'ఎలుగుబంటికి కాస్త బుర్ర పెట్టండి, రాయి వెనక దాక్కుంటే చాలు, మనల్ని మర్చిపోతోంది.'

వీటన్నిటినీ తోసేసి నాలుగు వేల ఓట్లతో మొదట నిలిచింది ఒక వింత కోరిక. 'నది ఒడ్డున ఆగనివ్వండి. జీను దించి గుర్రాన్ని మేయనివ్వండి. నేను పక్కన కూర్చుంటాను. అక్కడ ఏమీ జరగకూడదు.'

అది రాసింది సైకాల్. ఈ ఉద్యోగంలో చేరకముందు, ఒట్టి అభిమానిగా రాసింది.

ఎనిమిది నెలలు కష్టపడి ఆ నది కట్టారు. నిన్న కంపెనీవాళ్ళు లెక్కలు తిరగేసి చూస్తే, ఆ ఓట్లలో పద్నాలుగు తప్ప మిగిలినవన్నీ దొంగవి. ఒకే యంత్రం వేసినవి. పైగా ఆఫీసు అలమారులో ఉండాల్సిన, ఆటని ఉచితంగా తెరిచే కోడ్‌లతో వేసినవి. అంటే ఇంటిదొంగ.

"ఓట్లు ఎక్కణ్ణుంచి పడ్డాయో దాచాడు. ఎప్పుడు ఆగాయో దాచలేకపోయాడు," అంది దమీర. ఆమె బొమ్మలు వేసే మనిషి, గీత తప్పితే సహించదు. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టింది. "ఇది ఓట్ల వేళలు. ఇది పోయిన శీతాకాలం కరెంటు కోతల పట్టిక. ఆరో మైక్రో పేటలో కరెంటు పోయిన ప్రతిసారీ ఓట్లు ఆగాయి. వచ్చిన వెంటనే మళ్ళీ మొదలయ్యాయి. ఆరో మైక్రోలో ఉండేది మనలో ఒక్కరే."

"నేను వేయలేదు దమీరక్కా," అంది సైకాల్. అప్పటికది ఏడోసారి. చెప్పేకొద్దీ ఆ మాట ఆమె చెవికే అబద్ధంలా వినిపిస్తోంది.

"నేను వేశాను," అన్నాడు ఉర్మత్.

అందరూ అతనివైపు తిరిగారు. తర్వాత ఎవరో నిట్టూర్చారు. ఇంకెవరో నవ్వాపుకున్నారు.

"కూర్చో తమ్ముడూ," అన్నాడు కుబాన్. "పెళ్ళికాని కుర్రాడివి, మనసుంటే పువ్వులు కొనివ్వు. ఇలా మెడ చాపకు."

"నిజం కుబానన్నా. ఒక రాత్రి కూర్చుని చిన్న ప్రోగ్రాం రాశాను. తర్వాత భయమేసి మొత్తం చెరిపేశాను."

"బాగుంది. నువ్వుండేది అసన్‌బాయ్‌లో. అక్కడ కరెంటు పోనే లేదు."

"అది మా అమ్మ ఇల్లు. నేను ఏడాదిగా ఆరో మైక్రోలోనే ఉంటున్నా. ఇంటావిడ అద్దె కాగితం రాయనంది, పన్ను కట్టాలని."

"అసన్‌బాయ్‌లో ఆఫీసుకి పది నిమిషాల దూరంలో ఉన్నవాడివి, అంత దూరానికి ఎందుకు మారావు?"

ఉర్మత్ నోరు తెరిచాడు. సైకాల్ వైపు చూశాడు. నోరు మూసుకున్నాడు.

"చూశారా," అన్నాడు కుబాన్ అలసటగా. "అమ్మాయ్, నిన్ను కాపాడ్డానికి వీడు ఉరికంబం ఎక్కేలా ఉన్నాడు. నువ్వే ఒప్పుకుంటే వాడికైనా ఉద్యోగం మిగులుతుంది."

సైకాల్ కుర్చీ వెనక్కి తోసి లేచింది. ఉర్మత్ చొక్కాచెయ్యి పట్టుకుని మెట్లదగ్గరికి లాక్కుపోయింది.

* * *

వాళ్ళ పరిచయమే తగవుతో మొదలైంది. ఉద్యోగంలో చేరిన మొదటి సాయంత్రం సైకాల్ కిక్కిరిసిన మార్షుట్కా మినీబస్సులో వెనక సీటుకి ఇరుక్కుని, ఫోన్‌లో స్నేహితురాలితో గట్టిగా చెబుతోంది. "రెండో భాగంలో ఆ గుర్రాన్ని మంచునీళ్ళలో పడేసి చంపినవాడెవడో గానీ, వాడి చేతులు పడిపోవాలి!"

ముందు నడుం వంచి నిలబడ్డ పొడుగాటి కుర్రాడు వెనక్కి తిరిగాడు. "పడిపోతాయి లెండి. ముందు ఆ చేతుల్తోనే మీ చార్జీ డ్రైవరుకి అందించాలి. ఇలా ఇవ్వండి."

ఆమె చిల్లర ఇచ్చింది. అది నాలుగు చేతులు మారి ముందుకు వెళ్ళింది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"మీరూ ఇటువైపేనా?"

"మా మేనత్త ఇంటికి," అన్నాడు.

ఆ మేనత్త ఇంటికి రోజూ వెళ్ళేవాడు. "ఆవిడకి మీరు తప్ప వేరే దిక్కు లేదా?" అని సైకాల్ అడిగితే, "పాపం, ఒంటరిది. ఇవాళ మంతీ కుడుములు చేస్తానంది," అనేవాడు. డ్రైవరు అద్దంలోంచి ఆమెని చూస్తూ దొరికిపోయేవాడు. దొరికితే మంచు చూస్తున్నట్టు నటించేవాడు, మంచు లేని జులైలో కూడా.

సైకాల్ అతన్ని పేరుతో పిలవనే లేదు. 'మేనల్లుడుగారు' అంటే చాలు, ఆఫీసంతా నవ్వేది. నానమ్మ కాచిన ఆప్రికాట్ జామ్ సీసాల్లో పోసి "మీ మేనత్తకి" అని ఇచ్చేది. ఒక్క సీసా తిరిగి రాలేదు.

"ఆ అబ్బాయి పేరేంటే?" అని నానమ్మ ఒకసారి అడిగింది.

"ఎవరు, మేనల్లుడా?"

నానమ్మ పళ్ళులేని నోటితో నవ్వింది. "మా కాలంలో పెళ్ళయ్యాక మానేసేవాళ్ళం మొగుడి పేరు పలకడం. నువ్వు ముందే మొదలెట్టావా?"

నానమ్మ యాభై రెండేళ్ళ కాపురంలో తాత పేరు ఒక్కసారీ పలకలేదు. ఆయన పోయాక కాగితం రాయించుకోవడానికి వెళితే, "చనిపోయినాయన పేరు?" అని గుమాస్తా అడిగాడు. నానమ్మ తలగుడ్డ అంచులో మొహం దాచుకుని, పక్కింటావిడ చేత చెప్పించింది.

తాత పోయిన ఆ వారమే, ఇంకా ఉద్యోగంలో చేరకముందు, సైకాల్ నది ఒడ్డు కోరిక రాసింది.

* * *

"ఎవరి కోసం ఈ వీరత్వం మేనల్లుడుగారూ?" సైకాల్ గొంతు మెట్లగదిలో మోగింది. "నేనడిగానా?"

"వీరత్వం కాదు. నేరం. నిజంగా నేనే చేశాను."

"సరే. మీ మేనత్తని పిలుద్దాం. మీరు ఆరో మైక్రోలో ఉంటున్నట్టు ఆవిడ చెబుతుంది కదా."

"మేనత్త లేదు."

"ఊరెళ్ళిందా?"

"అసలు లేదు. మా నాన్నకి అక్కచెల్లెళ్ళే లేరు."

సైకాల్ రెప్పవేయడం మర్చిపోయింది. "మరి మా జామ్?"

"నేను తిన్నాను."

"తొమ్మిది సీసాలూ?"

"రొట్టెతో కొంత. ఊరికే కొంత." అతను గోడవైపు తిరిగాడు. "సీసాలు ఖాళీగా తిరిగివ్వకూడదు కదా. వాటిలో ఏం పెట్టివ్వాలో నాకు తోచలేదు. కిటికీలో వరసగా పెట్టుకున్నాను. కరెంటు పోతే వాటిలో కొవ్వొత్తులు వెలిగిస్తాను."

సైకాల్ మెట్టుమీద కూలబడింది.

ఆ కిటికీ ఆమెకి తెలుసు. ఎదురు భవనం, నాలుగో అంతస్తు. కరెంటు పోయిన ప్రతిసారీ వీధంతా నల్లబడితే, ఆ ఒక్క కిటికీలో సీసాలు పచ్చగా వెలిగేవి. "ఎవరోగానీ, మన సీసాల్లాంటివే," అనేది నానమ్మ. చలిలో టీ తాగుతూ ఇద్దరూ ఆ వెలుగునే చూసేవాళ్ళు. ఆ వేళకే ఓట్లు ఆగేవన్నమాట.

"ఆరో మైక్రోకి ఎందుకు మారావు?" ఆమెకి తెలియకుండానే 'మీరు' జారిపోయింది.

"నలభై నిమిషాలు."

"ఏం నలభై నిమిషాలు?"

"మార్షుట్కాలో. ఆఫీసు నుంచి ఇంటికి. రోజూ."

ఇంకో రోజైతే ఆ మాటకి ఆమె ఏం చేసేదో. నవ్వేదేమో, కొట్టేదేమో, కొట్టి నవ్వేదేమో. ఇవాళ ఇంకో ప్రశ్నే అడిగింది.

"ఓట్లు ఎందుకు?"

"ఆ గుర్రాన్ని చంపిన సన్నివేశం నాది. నీ కోరిక చదివాను. 'మా తాత పోయాక అందరూ ముందుకు నడు, ముందుకు నడు అంటున్నారు. కాసేపు ఆ గుర్రం పక్కన కూర్చోనివ్వండి' అని రాశావు. దానికి పద్నాలుగు ఓట్లు. వంద దాటించి ఆపేద్దామనుకున్నాను. మర్నాడు పొద్దున నువ్వు లెక్క చూసుకుని నవ్వావు."

"అయితే?"

"ఆ మర్నాడు కూడా నవ్వావు. ఎలా ఆపను?"

సైకాల్ చేతులు మొహానికి అడ్డం పెట్టుకుంది. శీతాకాలమంతా! ప్రతి ఉదయం ఆ అంకె చూసి, లోకంలో తనలాగా కాసేపు ఆగాలనుకునేవాళ్ళు వేలమంది ఉన్నారనుకుంది. ఎవరో తెలియని ఆ మనుషులందరితో కలిసి తాత కోసం ఏడ్చినట్టనిపించి, బరువు దిగింది. ఆ వేలమందీ ఒక గదిలో ఒక్క యంత్రం.

"అంటే ఆ నది ఎవరికీ అక్కర్లేదు," అంది.

"పద్నాలుగు మందికి కావాలి. నాకూ కావాలి."

"నువ్వు మాట్లాడకు!" ఆమె అరిచింది. "నా దుఃఖానికి దొంగ సంతకాలు పెట్టించావు. దానికి ప్రేమని పేరు పెడతావా?"

అతను గడియారం చూసుకున్నాడు. "లోపలికి పద. నాలుగున్నర అయింది. నేను చెబితే ప్రేమ అంటున్నారు. నువ్వు చెబితేనే నిజం అవుతుంది. ఆ కిటికీ చూసింది నువ్వొక్కదానివే."

"చెబితే నీకేమవుతుందో తెలుసా?"

"తెలుసు."

"మళ్ళీ ఏ ఆటా ముట్టుకోనివ్వరు."

"అదీ తెలుసు."

"ఆ నలభై నిమిషాలు కూడా ఉండవు, ఉర్—" ఆమె సగంలో ఆగింది. లేచి వెళ్ళిపోయింది.

* * *

ఐదింటికి తెరమీద మార్తా కనిపించింది. చక్కటి స్వెటరు, దయగల మొహం, కత్తిలాంటి మాటలు.

"దొంగ ఓట్ల కోరిక తీసేస్తాం. నది ఉండదు. రెండో కోరికతో ముందుకెళ్తాం. కానీ ఆ పని చేసినవాళ్ళ పేరు, ఒక సాక్ష్యం నాకు కావాలి. ఆ పేరు మాతో పనిచేసే ప్రతి సంస్థకీ వెళ్తుంది. పేరు లేకపోతే ఒప్పందం ఈ క్షణమే రద్దు. చెప్పండి."

పక్క కంప్యూటరులో ఎవరో నది సన్నివేశాన్ని కట్టేయడం మర్చిపోయారు. జీను దించిన గుర్రం గడ్డి మేస్తోంది. ఉత్తరాల పిల్ల రాతిమీద కూర్చుంది. నీళ్ళు పోతున్నాయి. అక్కడ ఏమీ జరగడం లేదు.

సైకాల్ లేచి నిలబడింది.

"మా వంటింట్లోంచి ఎదురు భవనం కనిపిస్తుంది," అంది. "నాలుగో అంతస్తు కిటికీలో తొమ్మిది సీసాలుంటాయి. అవి మా నానమ్మవి. కరెంటు పోయినప్పుడల్లా వాటిలో కొవ్వొత్తులు వెలుగుతాయి. పోయిన శీతాకాలమంతా చూశాను. ఇప్పుడు వెళ్ళినా అక్కడే ఉంటాయి. ఆ ఇంట్లో ఉండే మనిషికి మా కోడ్‌ల అలమారు తాళం ఎక్కడుంటుందో తెలుసు. ఓట్లు వేసింది తానేనని నాతో ఒప్పుకున్నాడు."

దమీర తన రెండు కాగితాలూ చూసుకుని, మెల్లగా మడిచేసింది. కుబాన్ ఉర్మత్ వైపు తిరిగాడు. ఆ పెద్దమనిషి మొహంలో కోపం లేదు, ఏదో కూలిన చప్పుడు విన్నట్టుంది.

"ఒరే తమ్ముడూ," అన్నాడు. "నిజం చెప్పావురా నువ్వు."

"పేరు," అంది మార్తా. "రికార్డు అవుతోంది. పేరు స్పష్టంగా కావాలి."

సైకాల్ పెదవులు కదిలాయి.

"అమ్మాయ్, చెప్పు. లేకపోతే నీ పేరే రాసుకుంటుంది," అన్నాడు కుబాన్.

ఆమెకి గుమాస్తా బల్ల ముందు నిలబడ్డ నానమ్మ గుర్తొచ్చింది. తలగుడ్డ చాటున ఆ మొహం. పక్కన నిలబడి, ఆమె బదులు పలికిన పక్కింటావిడ. సైకాల్ చుట్టూ చూసింది. పలికేవాళ్ళెవరూ లేరు.

బల్ల అవతల అతను తలెత్తాడు. మొదటిరోజు చార్జీ డబ్బులకి చెయ్యి చాపినప్పుడు చూసినట్టే చూశాడు. ఇలా ఇవ్వండి, నేను అందిస్తాను అన్నట్టు. తల చిన్నగా ఊపాడు.

పక్క తెరమీద గుర్రం ఒకసారి తల విదిల్చి, మళ్ళీ మేతలో పడింది.

"ఉర్మత్," అంది సైకాల్.

ఏడాదిన్నరలో మొదటిసారి ఆ పేరు పూర్తిగా ఆమె నోట వచ్చింది. అతను కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఇంటిపేరుతో సహా," అంది మార్తా.

"ఉర్మత్ జోల్దోషెవ్."