10:41కి ఎక్కించిన డబ్బా

మిర్చి తల్లి విత్తనం మాయమై రెండు రోజులైంది.

రెండు కిలోలు. నీలం రంగు ప్లాస్టిక్ డబ్బా. అందులో ఉన్నది మూడేళ్ల కష్టం. అది దొరకకపోతే వచ్చే ఏడాది ఆ విత్తనాల కంపెనీ దగ్గర అమ్ముకోవడానికి కొత్త రకమే ఉండదు.

గురువారం మధ్యాహ్నం 2:10. సబ్ ఇన్‌స్పెక్టర్ అరుంధతి జనగామలోని ఆ విత్తనాల కంపెనీ మెట్లు ఎక్కింది. మూడు రోజుల బందోబస్తు డ్యూటీ ఇంకా ఆమె పిక్కల్లోనే ఉంది. మీటింగ్ రూమ్‌లో ఎవరో అప్పుడే అల్లం చాయ్ పోస్తున్నారు. ఆ వాసనకు ప్రాణం కాస్త లేచి వచ్చింది.

"దొంగ గీడనే ఉన్నడు మేడం," అన్నాడు యజమాని జగపతి. "నాలుగింటి కల్ల ఎఫ్ఐఆర్ చేసుడు, తీస్కపోవుడు. అంతే."

మూలన నిలబడ్డ మనిషి పేరు జావేద్. పదకొండేళ్లుగా పార్సిల్ సెక్షన్ అతనిదే. పెళ్లయి మూడు నెలలు. చిటికెన వేలి గోటి చివర పెళ్లినాటి మెహందీ ఎర్రటి గీతలా మిగిలింది. ఎంత ముద్దుగా ఉందో!

"నేను తీయలే మేడం. బస్టాండ్‌ల మూడు గంటలు నిలవడ్డ. డబ్బా రాలే."

"ఏ బస్సుల రావాలె?"

"భూపాలపల్లి దిక్కు నుంచి వచ్చిన బస్సులన్నీ చూసిన."

ఆ జవాబు అరుంధతికి ఎక్కడో గుచ్చుకుంది. ఎక్కడో తెలియలేదు.

"నిన్న మీటింగ్‌ల అందరి ముందట సార్ నన్ను దొంగ అన్నడు," అన్నాడు జావేద్. "మా అత్తగారిది మహబూబాబాద్. మాపటి వరకు మా మామ చెవుల పడ్డది. రేపు పొద్దుగాల వచ్చి నా భార్య షాహీన్‌ను తీస్కపోత అన్నడు."

అరుంధతి కుర్చీ లాక్కుంది.

"అసలు ఏమైంది? మొదటి నుంచి చెప్పుండ్రి."

చెప్పింది జగపతి మేనల్లుడు అభిలాష్. కంపెనీకి మూడు ఆఫీసులు: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి. మెసేజీలకు, మీటింగులకు ఏ సాఫ్ట్‌వేర్ కొనాలన్నది నెల రోజులుగా ఒకటే పంచాయితీ. ఇప్పుడున్నది అభిలాష్ తెచ్చింది. ట్రయల్ నడుస్తోంది.

"పాత గ్రూపుల గుడ్ మార్నింగ్ పువ్వులే ఎక్కువ మేడం. పని మెసేజ్ వాటి కింద పడి సచ్చేది. దీంట్ల మీటింగ్ గూడ రికార్డ్ అయితది. గందుకే దొంగ దొరికిండు."

అరుంధతి తన ఫోన్ వైపు చూసుకుంది. ఆమె ఫోన్‌లో డిపార్ట్‌మెంట్ గ్రూపులే పదిహేడున్నాయి.

అభిలాష్ రికార్డింగ్ పెట్టాడు. మంగళవారం, 10:41. తెర మీద మూడు గళ్లు. భూపాలపల్లి గడిలో స్టోర్‌కీపర్ ప్రకాశ్.

"ప్రకాశ్, తల్లి విత్తనం ఎక్కించినవా?" అని జగపతి గొంతు.

"ఎక్కించిన సార్."

10:42. మళ్లీ జగపతి: "జావేద్, మధ్యాహ్నం బస్టాండ్‌కు పో. డబ్బా వస్తది."

గోడమీది తెరలో మహబూబాబాద్ ఆఫీసు ఇన్‌చార్జి వెంకట్రాం లైవ్‌లో ఉన్నాడు. "మేమందరం చెవులార విన్నం మేడం," అన్నాడు.

"ప్రకాశ్ ఏడి?"

"మీటింగ్ కాంగనే బామ్మర్ది పెండ్లికి పోయిండు," అన్నాడు జగపతి. "కాటారం అవతల. సిగ్నల్ లేదు."

"ఆయన మీద అనుమానం రాలేదా?"

"అందరి ముందట చెప్పి పోయిండు గద! అటు దిక్కు ఎక్కింది, ఇటు దిక్కు దిగలే. దింపుకునేది వీడే."

అరుంధతి రికార్డింగ్ మళ్లీ చూసింది. కళ్లు మండుతున్నాయి. మూడోసారి చూసింది.

"ఆపు!"

ప్రకాశ్ వెనకాల గోడకు క్యాలెండర్ ఉంది. ఫ్యాన్ గాలికి దాని కాగితం టపటపా కొట్టుకుంటోంది. 10:41 దాటాక ఆ కాగితం పైకి లేచి, గాలిలో అట్లే నిలిచిపోయింది.

"అభిలాష్, ఇక్కడి నుంచి ప్రకాశ్ రెప్ప కొడుతున్నడా?"

అభిలాష్ తెరకు ముక్కు ఆనించాడు. "లేదు మేడం. నెట్ పోయినట్టుంది. బొమ్మ నిలవడ్డది."

"అంటే బస్టాండ్ మాట ఆయన వినలే."

"వినకపోనియ్యి," జగపతి విసుక్కున్నాడు. "ఎక్కించిన అన్నది నిజమే గద?"

అరుంధతి జావేద్ వైపు తిరిగింది. "ప్రకాశ్ డబ్బా పంపితే నీకెట్ల తెలుస్తది?"

"బస్సు నంబర్ పెడతడు మేడం. కండక్టర్ ఫోన్ నంబర్ గూడ. పదకొండేండ్ల సంది గదే పద్ధతి."

"మంగళవారం?"

"రాలే. కొత్త సాఫ్ట్‌వేర్ల గది అక్కర లేదేమో అనుకున్న."

గుచ్చుకున్నది అదే. అతనికి ఏ బస్సో తెలియదు. ఎవరూ అడగలేదు కూడా.

"అభిలాష్, మంగళవారం పొద్దున ప్రకాశ్ దీంట్ల ఏమన్నా పెట్టిండా?"

వెతికాడు. దొరికింది. "10:36కి మేడం. కోల్డ్ రూమ్‌ల డబ్బా ఫోటోలు నాలుగు, లాట్ నంబర్, బరువు."

"గిట్ల పెట్టుమని ఎవరు చెప్పిండ్రు?"

"నేనే. ప్రతి లాట్ వివరాలు సాఫ్ట్‌వేర్ల..." అభిలాష్ ఆగాడు. "...ఎక్కించాలె అని."

అరుంధతి జగపతి వైపు తిరిగింది.

"భూపాలపల్లి కోల్డ్ రూమ్ తాళం ఇంకెవరి దగ్గర ఉంది?"

"ఊడ్చే గంగి దగ్గర."

మామూలు ఫోన్ కాల్. స్పీకర్ ఆన్.

"అవ్వా, జనగామ ఎస్సైని మాట్లాడుతున్న."

"అయ్యో, నేనేం జేసిన బిడ్డా?"

"ఏం జేయలే. జర కోల్డ్ రూమ్ తెరువు. నీలం డబ్బా ఉందా?"

తాళం చప్పుడు. తలుపు కిర్రుమంది.

"ఉన్నది. ప్రకాశ్ సారు ముట్టకన్నడు, ముట్టలే. రెండు దినాల సంది దాని సుట్టే ఊడుస్తున్న."

"మరి ఎవరికీ చెప్పలేదేం అవ్వా?"

"ఎవలడిగిండ్రు? నన్ను మీ గ్రూపుల ఏసిండ్రా ఏంది?"

2:55. అరుంధతి ఫోన్ పెట్టేసింది.

"దొంగతనమే లేదు. నెల కిందటి దాక మీ దగ్గర ఎక్కించుడు అంటే బస్సే. ఇప్పుడు ఫోటోలు గూడ ఎక్కిస్తున్నరు. మీరు బస్సు అడిగిండ్రు, ఆయన ఫోటోలు చెప్పిండు. తప్పు తెలిసేలోపు నెట్ పోయింది."

"అయితే ఈ సాఫ్ట్‌వేర్ వద్దంటరా మేడం?" అభిలాష్ దిగులుగా అడిగాడు.

"కొనుక్కో నాయినా. అది విన్నది విన్నట్టే రాసుకుంది. ఏ బస్సని అడుగుడు మాత్రం మీ పనే."

జగపతి నుదురు తుడుచుకున్నాడు. "సరే జావేద్. మనసుల పెట్టుకోకు. పోయి పని చూస్కో."

జావేద్ కదల్లేదు.

"సార్, దొంగ అన్నది మూడు ఆఫీసులు విన్నయి. కాదన్నది ఈ ఒక్క రూమే వింటే నాకు సరిపోదు."

జగపతి అరుంధతి వైపు చూశాడు. ఆమె లేవలేదు. లేచే ఓపికా లేదు, ఉద్దేశమూ లేదు.

అభిలాష్ మీటింగ్ తెరిచాడు. గళ్లు ఒక్కొక్కటే వెలిగాయి. జగపతి కెమెరా ముందుకు జరిగాడు.

"జావేద్ డబ్బా తీయలే. నేను తొందరపడ్డ. మాఫ్ చెయ్యాలె."

మహబూబాబాద్ గడిలో వెంకట్రాం లేచాడు. "మీ మామ దుకాణం మా వెనక గల్లీలనే గద జావేద్. నేనే పోయి చెప్త." గడిలో ఖాళీ కుర్చీ మిగిలింది.

3:20కి జావేద్ ఫోన్ మోగింది. అరుంధతికి ఒక్క ముక్కే వినిపించింది. ఆడగొంతు, షాహీన్‌దే కాబోలు, ఏడ్చి ఏడ్చి బొంగురుపోయింది.

"ఖానా ఖాయే?"

అన్నం తిన్నావా అని. జావేద్ ఫోన్ చెవికి పెట్టుకునే, మెట్లు రెండేసి చొప్పున దిగిపోయాడు.