వెనక్కి లాగే మలుపు

ఆ రిజర్వాయరులో పాత పంపుహౌసు మునిగిపోయిన చోట ఒక మలుపుంది. చీకటి పడ్డాక అటువైపు పడవ తీసుకెళ్లే మొనగాడు లేడు. వెళితే... మోటారు ముందుకే తిరుగుతూ ఉంటుందట, పడవ మాత్రం వెనక్కి నడుస్తుందట.

లాగేది ఎవరన్న విషయంలోనే ఎవరి మాట వాళ్లది. నీళ్లు మెడదాకా వచ్చినా డ్యూటీ దిగనన్న పంపు ఆపరేటరని కొందరు. ఆయన కాదు, ఆయనకి అన్నం క్యారేజీ తెచ్చిన భార్య అని కొందరు. పడవల లైసెన్సు ఆఫీసులో గుమాస్తా మాత్రం, కాగితాలు సరిగ్గా లేని పడవల్నే అది లాగుతుందని బల్లగుద్ది చెప్పేవాడు. దెయ్యం తన శాఖలోనే పనిచేస్తోందని ఆయన ధైర్యం.

అలాంటి మలుపులోకి కళ్ళజోళ్లాయన వెళ్లాడు. ఒంటరిగా. పౌరుషం కొద్దీ.

కళ్ళజోళ్లాయనకి బజారులో చిన్న షాపు. పొద్దస్తమానం జనం చూపు సరిచేసే మనిషికి ఒక్క మనిషిని చూడాలంటే మాత్రం కళ్లు మూసుకుపోయేవి. ఆ మనిషి సొంత తోడల్లుడు, లిఫ్టు మెకానిక్. అక్క మొగుడు ఆయన, చెల్లెలి మొగుడు ఈయన. పన్నెండేళ్లపాటు ఒక్క ఆదివారం తప్పకుండా ఇద్దరూ ఒకే పడవలో చేపలకి వెళ్లారు. "అన్నయ్యా" అంటే "తమ్ముడూ" అనుకునేవాళ్లు. చూసినవాళ్లు ఒక తల్లి పిల్లలే అనుకునేవాళ్లు.

గాలం వేసుకుని ఒడ్డున కునుకు తీసే బాపతు కాదు వాళ్లు. పడవ మనిషి నడకంత మెల్లగా పోతూ ఉండాలి, వెనకాల ముప్పై మీటర్ల దూరంలో ప్లాస్టిక్ చేప నీళ్లలో ఒళ్లు ఊపుకుంటూ రావాలి. ట్రోలింగ్ అంటారు. దానికి ముందు నాలుకలాంటి రేకు ఉంటుంది, అది నీళ్లని కోసుకుంటూ రెండు నిలువుల లోతుకి దిగుతుంది. పెద్ద చేప దాన్ని చూసి నిజమనుకోవాలి. అంతే, మిగతాదంతా ఓపిక.

ఆ ఓపిక మూడేళ్ల కిందట ఆ మలుపులోనే అయిపోయింది. ఓ సాయంత్రం మూడడుగుల చేప గాలానికి చిక్కింది. గాలం రాడ్ ఈయన చేతిలో, మోటారు ఆయన చేతిలో. చేప పడవ పక్కదాకా వచ్చింది, తెల్లటి పొట్ట కనబడింది... టప్పున దారం తేలిపోయింది.

"మోటారు ఆపకుండా ఏం చేస్తున్నావ్?" అని ఈయన.

"నువ్వు ముడేసిన తీరుకి మోటారేం చేస్తుంది?" అని ఆయన.

అక్కడితో సరి. ఉమ్మడి ఆస్తి పంపకాలు ఒడ్డు మీదే జరిగాయి. పడవ ఈయనకి, మోటారు ఆయనకి. ఒకరికి నడవని పడవ, ఒకరికి నీళ్లు చూడని మోటారు. అక్కాచెల్లెళ్లు మాత్రం రోజూ ఫోన్లో ఏడ్చుకునేవాళ్లు, నవ్వుకునేవాళ్లు, మొగుళ్లని తిట్టుకునేవాళ్లు.

ఆ రోజు మధ్యాహ్నం కళ్ళజోళ్లాయన భార్య అన్నం వడ్డిస్తూ చెప్పింది.

"శనివారం అక్కావాళ్లు ఊరు మారిపోతున్నారండీ. బావగారికి ఎక్కడో దూరాన పని దొరికిందట. ఇక రారు."

"మంచిది."

"వెళ్లి ఒక్క మాట మాట్లాడి రండి. పోయేదేముంది?"

"ఆయన రావచ్చుగా?"

ఆమె గరిటె గిన్నెలో వదిలేసి లోపలికి వెళ్లిపోయింది. ఈయన తిన్నాననిపించి షాపుకి వెళ్లాడు. ఒక పెద్దమనిషి కళ్ళజోడులో కుడి అద్దం ఎడమపక్కా, ఎడమ అద్దం కుడిపక్కా బిగించాడు. ఇక లాభం లేదని షట్టరు దించి రిజర్వాయరుకి బయల్దేరాడు.

పడవ సర్దుకోవడంలో మాత్రం వంక పెట్టడానికి లేదు. కొత్తగా కొన్న బ్యాటరీ మోటారు వెనక చెక్కకి రెండు మరలతో బిగించాడు. బరువంతా వెనకే పడితే పడవ ముక్కు లేస్తుందని, బ్యాటరీని ముందు పెట్టి తీగ పొడుగ్గా లాగాడు. రాడ్ని పక్కనున్న గొట్టంలో నిలబెట్టి, చేప లాగితే కొద్దికొద్దిగా దారం వదిలేలా రీలు వదులు చేశాడు. మోటారు రెండో నంబరు మీద పెట్టాడు. ప్లాస్టిక్ చేప వెనక్కి జారింది. నీళ్లు అద్దంలా ఉన్నాయి.

మలుపుకి చేరేసరికి పొద్దుగూకింది. నీటి మీద మంచు పొగలా లేస్తోంది.

తిరిగిపోదామనుకున్నాడు. సరిగ్గా అప్పుడే రాడ్ వంగింది.

మామూలుగా కాదు... చివర నీళ్లకి తగిలేంతగా. రీలు కిర్రుమని దారం వదలాలి. వదల్లేదు. కిక్కురుమనలేదు.

"చెట్టుమొద్దు తగిలుంటుంది," అని తనకి తానే చెప్పుకుని మోటారు ఐదుకి పెంచాడు. ప్రొపెల్లరు నీళ్లని చిలికింది. నురగ లేచింది.

పడవ వెనక్కి కదిలింది.

మెల్లగా... తొందరేం లేనట్టుగా... నడకంత వేగంతో వెనక్కి. ఎవరో తననే ట్రోలింగ్ చేస్తున్నట్టుంది. ఆ ఊహ రాగానే కళ్ళజోళ్లాయనకి ఒళ్లు జలదరించింది. దారం కోసేద్దామని జేబులో చెయ్యి పెట్టాడు. కత్తి తీశాననుకున్నాడు. చేతికొచ్చింది కళ్ళజోడు మరలు తిప్పే బుల్లి స్క్రూడ్రైవరు. దాన్నే రెండు చేతులతో కత్తిలా ఎత్తిపట్టుకున్నాడు. టార్చి వెయ్యలేదు. వేస్తే దెయ్యానికి తను కనిపిస్తాడని భయం.

"ఎ... ఎవరు?" అన్నాడు. గొంతులోంచి గాలి తప్ప మాట రాలేదు.

తరవాత మంచులోంచి ఇంకో గుసగుస...

"నువ్వెవరు?"

దెయ్యాలు ఎదురు ప్రశ్న వేస్తాయని ఆయనకెవరూ చెప్పలేదు.

"వదిలెయ్యండి," అన్నాడు. దెయ్యమైనా మర్యాద ఇవ్వడం మంచిదనిపించింది.

"మీరే వదలాలి," అంది అవతలి గొంతు, అంతే మర్యాదగా.

"నేను పట్టుకోలేదండీ!"

"నేను మాత్రం పట్టుకున్నానా?"

ఇలా కాసేపు మీరంటే మీరని నడిచింది. పడవ మాత్రం వెనక్కి పోతూనే ఉంది. కళ్ళజోళ్లాయన ఆలోచించాడు. దెయ్యాలు ఊరికే పట్టుకోవు. ఏదో కావాలి వాటికి. ఇదే మలుపు... ఇదే వేళ... ఇక్కడ తను చేసిన పాడుపని ఒకటే ఉంది. మూడేళ్లుగా గొంతులో ముల్లులా ఉన్నది.

"చెప్పేస్తాను," అన్నాడు కళ్లు మూసుకుని. "ముడి నాదే. చేప పోయింది మోటారు వల్ల కాదు. దారం కొస చూశాను ఆ రోజే... తెగితే కొస నిటారుగా ఉంటుంది. అది పందితోకలా మెలి తిరిగుంది. ముడి జారిపోతేనే అలా అవుతుంది. ఆయనకి కనిపించకుండా కొరికి ఉమ్మేశాను. పైపెచ్చు ఆయన మీదే కేకలేశాను. మా ఆవిడకి కూడా చెప్పలేదు. ఇక వదిలెయ్యండి."

మంచులో నీళ్లు ఛప్పుమన్నాయి.

తరవాత, గుసగుస కాదు, నిండు గొంతుతో...

"కొరికి ఉమ్మేశావా?!"

ఆ గొంతు ఆయనకి తెలుసు. నడిమధ్యలో ఆగిపోయిన లిఫ్టులో ఇరుక్కున్న జనానికి పైనుంచి ధైర్యం చెప్పే గొంతు.

నోరు తెరిచేలోపే పక్కన మంచు చీలింది. తెల్లగా, మనిషికన్నా ఎత్తుగా, ఎముకల్లేని మెడ ఒకటి వంకర తిరిగి లేచింది. దాని కొసన ఓ తల. ఆ తలలో కొబ్బరికాయంత కన్ను, రెప్ప వెయ్యకుండా ఈయన్నే చూస్తోంది.

కళ్ళజోళ్లాయన కేక వేశాడు. స్క్రూడ్రైవరు విసిరాడు. అది ఆ మెడకి తగిలి టంగుమంది.

"ఫైబరు! పగలగొట్టకు, నా పూచీ మీదిచ్చారు!" అని అరిచింది మెడ వెనకాల చీకటి.

పార్కులో పిల్లలు తొక్కే హంస పడవ అది. ఒక రెక్క మీద "తడి రంగు, ముట్టుకోరాదు" అని అట్టముక్క వేలాడుతోంది. తొక్కుడు కడ్డీల మధ్య మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముడుచుకుని లిఫ్టు మెకానిక్ కూర్చున్నాడు. హంస తోకకి బిగించి ఉంది... ఆ పాత మోటారు.

"అన్నయ్యా?"

"ఇంకెవడు?"

"ఇదేంటి, ఇందులో..."

"పడవ నీ దగ్గరుంటే నేనెక్కేదేంటి మరి? పార్కువాళ్ల నీళ్ల పంపు బాగుచేశాను. ఏమైనా కావాలా అంటే ఈ సాయంత్రానికి ఇది అడిగాను."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మూడేళ్లలో ఆయన జుట్టు పల్చబడింది, ఈయన పొట్ట పెరిగింది. హంస మాత్రం ఇద్దరినీ సమానంగా చూస్తోంది.

"తమ్ముడూ," అన్నాడు లిఫ్టు మెకానిక్ చివరికి, తల వంచుకుని. "నేను మోటారు ఆపలేదు. ఆపుదామనే పిడి తిప్పాను. కంగారులో అటు తిప్పాల్సింది ఇటు తిప్పి స్పీడు పెంచేశాను. ముడి నిలుస్తుందా మరి? మెషిన్లు బాగుచేసే వాణ్ణి, స్విచ్చి ఎటు తిప్పాలో తెలియలేదంటే పరువేం మిగులుతుంది? అందుకే ముడి మీదికి తోసేశాను."

"అంటే... ఇద్దరి తప్పూనా?"

"చెరిసగం."

కళ్ళజోళ్లాయనకి ముందు నవ్వొచ్చింది. తరవాత ఏడుపొచ్చింది. ఏది ఆపాలో తెలియక రెండూ వదిలేశాడు. లిఫ్టు మెకానిక్ హంస లోంచి చెయ్యి చాపి ఆయన భుజం పట్టుకున్నాడు. రంగు అంటుకుంది. ఇద్దరికీ పట్టలేదు.

"శనివారం వెళ్లిపోతున్నావట."

"ఊఁ. ఒక్కసారి ఈ చోటు చూసి పోదామని వచ్చాను. మీ ఇంటి వీధి దాకా కూడా వచ్చాను మొన్న. గేటు తియ్యడానికి చెయ్యి రాలేదు."

ఇద్దరూ ముక్కులు తుడుచుకున్నారు. భయం ఎప్పుడో ఎగిరిపోయింది. దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. చీకట్లో రెండు గాలాలు చిక్కుపడి ఒకరినొకరు లాక్కున్నారంతే.

"సరే, నీ దారం చుట్టు. చిక్కు తీసుకుందాం," అన్నాడు కళ్ళజోళ్లాయన.

"నా దారమా? నేను గాలం తేలేదు."

"తేలేదా?"

"హంసలో రాడ్ ఎక్కడ నిలబెట్టను, మెడకి కట్టనా? ఊరికే వచ్చాను. మోటారు పూర్తి స్పీడులో ఉంది, ఇది వెనక్కి పోతుంటే... నువ్వే లాగుతున్నావనుకున్నా."

ఇద్దరూ ఒకేసారి వెనక్కి తిరిగి చూశారు. ఈయన రాడ్ ఇంకా వంగే ఉంది. దారం హంస వైపుకి పోవడం లేదు. తిన్నగా, బిగుతుగా, మంచులోకి... పంపుహౌసు మునిగిన వైపుకి పోతోంది. రెండు మోటార్లూ ముందుకే గిరగిరా తిరుగుతున్నాయి. పడవా, హంసా పక్కపక్కన వెనక్కి నడుస్తున్నాయి.

అప్పుడు ఆ దారం కొసనుంచి, చాలా దగ్గరగా, ఓ గుసగుస వచ్చింది. కోపం లేదు అందులో. చాలాసేపు బరువు మోసి చేతులు నొప్పెట్టినట్టు... చిన్న విసుగు.

"మాట్లాడుకోవడం అయిపోయిందా?"

కళ్ళజోళ్లాయన హంస మెడని రెండు చేతులా కౌగిలించుకున్నాడు. పళ్లు టకటకలాడుతుంటే లిఫ్టు మెకానిక్కే జవాబిచ్చాడు.

"అ... అయిపోయిందండీ."

"అయితే వదిలేస్తున్నా. గట్టిగా పట్టుకుని కూర్చోండి."

వదిలేసింది.