ఒకే పుట్టినరోజు

బాబిర్యే పరుగెడుతోంది!

పిడికిట్లో రెండు రక్తం గొట్టాలు. రాయిలా గడ్డకట్టినవి. మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజర్‌లోంచి లాక్కొచ్చింది. చేతికి గ్లవ్స్ లేవు. వేళ్ళు మండాలి... మండడం లేదు. తమ్ముడు కాటో పోయి ఇరవై రోజులు. అప్పట్నుంచి ఆమెకి ఏదీ తగలడం లేదు.

"పట్టుకో దాన్ని, ఓపియో!" వెనక నుంచి డాక్టర్ ముగెర్వా అరుపు.

మెట్లమీద సెక్యూరిటీ ఓపియో బూట్లు. దడ దడ దడ! భుజాన తుపాకీ.

"ఆగక్కా! నా ఉద్యోగం ఊడగొట్టకు!"

"నీ ఉద్యోగం నువ్వు చేస్కో. నాది నేను చేస్తున్నా!"

మలుపు. తలుపు. లోపల్నుంచి గడియ!

మెషిన్ రూమ్. కిటికీ మీద కంపాలా వాన బాదుతోంది. నాలుగూ పది. జనరేటర్ ఆగకపోతే చాలు.

ఐదింటికి నలభై మంది పరీక్ష కోసం కొత్త మందు మింగుతారు. మొదటి విడతలో కాటో మింగిన మందే. వాడి లివర్‌ని తినేసిన మందే! కానీ కంప్యూటర్లో కాటో ఆఖరి రిపోర్టు శుభ్రంగా ఉంది. లివర్ అంకె ముప్పై ఒకటి. నార్మల్!

ఎవరో మార్చారు. ఎవరో ఏమిటి, ముగెర్వాయే! ఇవాళ కాల్చెయ్యాల్సిన గొట్టాల జాబితా అతనే రాశాడు. రెండే నంబర్లు. ఒకటి కాటోది. రెండోది ఎవరిదో చూసే టైమ్ లేక రెండూ పట్టుకొచ్చింది.

రెండిటినీ చంకలో అదిమి కరిగించింది. కాటో గొట్టం ట్రేలో పెట్టింది. రోబో చెయ్యి కదిలింది. లేబుల్ చదివింది. తొమ్మిది నిమిషాలు...

ధన్! తలుపు అదిరింది.

"తల్లీ, తెరువు. నీ మంచికే చెప్తున్నా."

ముగెర్వా గొంతు. ఆమె మెషిన్ వైపే చూసింది. ఆఖరి రిపోర్టు తీసిన సోమవారం కాటో ఖాళీ కడుపుతో వచ్చి రక్తం ఇచ్చాడు. "తాగావుగా నా రక్తం! ఇక రోలెక్స్ తెచ్చిపెట్టు" అని ప్రాణం తీశాడు. తీరా ఆ గుడ్డు చుట్టిన చపాతీ తెచ్చాక, సగం వదిలేశాడు. కాటో తిండి వదలడమా! అప్పుడైనా ఆమె బుర్రకి తట్టలేదు.

తనూ కాటో కవలలు. కవలలు చచ్చిపోయారనరు ఇక్కడ. ఎగిరిపోయారంటారు. పాతిపెట్టేటప్పుడు అమ్మ కూడా ఆ మాటే అంది. బాబిర్యేకి ఏడుపే రాలేదు.

బీప్!

ముప్పై ఒకటి.

కళ్ళు నులుముకుంది. ముప్పై ఒకటే! అంటే... ఎవరూ ఏమీ మార్చలేదు!

"వచ్చిందా?" తలుపవతల ముగెర్వా గొంతు తగ్గింది. "ఆ సోమవారం గుర్తుందా? కరెంటు పోయి లేబుళ్ళు అంటించే మెషిన్ ఆగిపోయింది. చేత్తో అంటించావు."

గుర్తుంది. లేబుల్ మీద పేరుండదు. నంబరు, పుట్టిన తేదీ, అంతే. పన్నెండంకెల నంబరు చదివే ఓపిక ఎవరికుంది? ల్యాబులో అందరూ తేదీ చూసే అంటిస్తారు.

మెషిన్ సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి ప్రతి సోమవారం స్టాఫ్‌లో ఒకరి రక్తం కూడా పెడతారు. ఆ వారం వంతు... బాబిర్యేదే!

రెండో గొట్టం తిప్పి చూసింది.

అదే తేదీ. ఆమె నంబరు!

"నీ పేరుమీద ఉన్న రక్తం ఆ రోజు పద్దెనిమిది వందలు దాటింది. మెషిన్‌కి పిచ్చెక్కిందనుకుని ఆ అంకె కొట్టేశా. మీ తమ్ముడు పోయాక గానీ నాకు వెలగలేదు. నీకు తెలియకూడదనే కాల్చెయ్యమన్నా."

"మరి ఆ నలభై మంది?"



"సగం నీకోసం దాచా. సగం ల్యాబు కోసం. అబద్ధమెందుకు..." అన్నాడు ముగెర్వా. "నీ జీవితం పోతుంది, తల్లీ."

రెండో గొట్టం ట్రేలో పడింది. మళ్ళీ తొమ్మిది నిమిషాలు.

"ఓపియో! తలుపు పగలగొట్టు!"

"ఉక్కు తలుపు సార్..."

బీప్! పద్దెనిమిది వందల నలభై.

ఆ అంకె ఆ రోజే కాటో పేరుమీద వచ్చుంటే వాడికి మర్నాటి మాత్ర ఇచ్చేవాళ్ళు కాదు. వాడు బతికేవాడు. తన చేత్తో అంటించిన రెండు లేబుళ్ళు తారుమారు... అంతే.

అప్పుడు తగిలింది. వేళ్ళు! భగ్గుమంటున్నాయి! చర్మం ఊడొచ్చింది. నొప్పికి కేక పెట్టింది. ఇరవై రోజుల్లో మొదటిసారి ఏడుస్తోంది.

ఏడుస్తూనే, మందిచ్చే గదికి వెళ్ళే 'డోసు ఆపండి' సందేశం నొక్కింది.

స్క్రీన్ అడిగింది. పొరపాటు ఎవరిది?

"కాల్చు ఓపియో! గడియ మీద కాల్చు!"

మండే వేళ్ళతో ఒక్కో అక్షరమే కొట్టింది. బా... బి... ర్యే...

ధాం!

గడియ ఎగిరిపడింది. ముగెర్వా లోపలికి దూసుకొచ్చాడు.

స్క్రీన్ మీద అప్పటికే ఒక్క మాట.

చేరింది.