లాడం ముద్రలు

పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి, పాలను వదిలేసి గోడ గడియారాన్ని చూస్తూ నిలబడింది కోడలు. పది గంటలకు గుర్రాల పెంపకందార్ల సంఘం ఆయన వస్తాడు. గుర్రప్పిల్ల తోక నుంచి నాలుగు వెంట్రుకలు కుదుళ్లతో సహా పీకి, కవర్లో వేసి పరీక్షకు పంపుతాడు. దాని తండ్రి ఎవరో ఆ వెంట్రుకలే చెప్పేస్తాయి. ఈలోగా పాలు పొంగిపోయాయి.

"స్టవ్ కట్టేశావా?" వరండాలోంచి అత్త అడిగింది.

"కట్టేశానత్తయ్యా."

అయినా అత్త వచ్చి నాబ్ తిప్పి చూసింది. వెళ్లి, మళ్లీ వచ్చి చూసింది. ఏడాదిగా ఇదే వరస. వయసు మీద పడుతోందిలే అని కోడలు సరిపెట్టుకుంది. తన గుండెల్లో రైళ్లు పరిగెడుతుంటే ఇంకొకరి చాదస్తం గురించి ఆలోచించే తీరిక ఎవరికుంటుంది?

ఆ ఇంట్లో పెంచేవి పొట్టి గుర్రాలు. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల బరువులన్నీ మోసినవే. లారీలొచ్చాక వాటిని పట్టించుకునే నాథుడు లేడు. ఇప్పుడు ఆ జాతి ఆడ గుర్రాలు అన్ని ఇళ్లలో కలిపి తొమ్మిది మిగిలాయి. వాటిలో ముసలిది, పంతొమ్మిదేళ్ల బూడిద, ఇక్కడే ఉంది. ఏ పిల్ల ఎవరికి పుట్టిందో ముప్పై ఏళ్లుగా అత్తే వంశావళి పుస్తకంలో రాస్తోంది. అందులో ఒక్క అబద్ధం దొర్లినా మిగతా పేజీలను ఎవరూ నమ్మరని ఆవిడ రోజూ అనే మాట.

పదమూడు నెలల కిందట, బూడిద ఎదకొచ్చిన వారంలో, ఒక మధ్యాహ్నం కోడలు గడ్డి వేస్తుంటే ఫోను మోగింది. గేటు గొళ్లెం మరిచి లోపలికి పరిగెత్తింది. తిరిగొచ్చేసరికి పక్క తోటవాళ్ల బండి గుర్రం దొడ్లో ఉంది. కర్ర తీసుకుని తరిమింది గానీ ఎవరికీ చెప్పలేదు. పెళ్లై రెండు నెలలే. గొళ్లెం పెట్టడం కూడా రాని పిల్లను తెచ్చుకున్నామంటారని భయం. బూడిద చూడి కట్టింది, ఈనింది. పుస్తకంలో తండ్రిగా ఇంటి మగ గుర్రం నల్లోడి పేరు ఎక్కింది. పిల్ల కాళ్లు మాత్రం చూస్తుండగానే పొడుగైపోతున్నాయి.

సంఘం ఆయన చెప్పిన టైముకే వచ్చి, కుర్చీలో కూర్చుని కవరు తీశాడు. కోడలు నీళ్ల గ్లాసు అందించింది.

"వెంట్రుకలు తర్వాత తీద్దురు గాని, ముందు ఇది తీసుకోండి," అంటూ అత్త పుస్తకం ఆయన ఒళ్లో పెట్టింది. "ఇక దీన్ని సంఘమే రాసుకోవాలి. బూడిదనీ నల్లోడినీ కూడా ఎవరికైనా అప్పగించండి."

"అదేంటమ్మా, మీరు కాక ఎవరు రాస్తారు?"

"నా బుర్ర సరిగ్గా లేదు బాబూ. కిందటేడు ఒక పొద్దున దొడ్లో లాడం ముద్రలు చూశాను. మా గుర్రాలకి లాడాలు లేవు. రోజూ సాయంత్రం గేటు వేసేది నేనే. వేశాననే అనుకున్నాను, వేయలేదన్నమాట. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేక పుస్తకంలో నల్లోడి పేరే రాశాను. అప్పట్నుంచి ఏది చేశానో ఏది చేయలేదో నమ్మకం లేదు. మా అమ్మకీ ఇలాగే మొదలైంది. చివరికి నన్నే, నువ్వెవరివమ్మా అని అడిగింది."

చెబుతూ ఆవిడ రెండు చేతులూ బిగించి పట్టుకుంది.

కోడలికి స్టవ్ గుర్తొచ్చింది. ఏడాది పాటు తాను చాదస్తమనుకున్నది ఇదన్నమాట. ఇప్పుడు నోరు మూసుకుంటే చాలు, తప్పంతా అత్త మీదికి పోతుంది, తననెవరూ అడగరు. ఆ ఆలోచన వచ్చినందుకే తన మీద తనకు అసహ్యం వేసింది.

"గేటు వేయనిది మీరు కాదత్తయ్యా. నేను."

అత్త కోడలి వైపు తిరిగింది.

"మధ్యాహ్నం మీరు పడుకున్నప్పుడు జరిగింది. ఆ గుర్రాన్ని నేనే తరిమాను. సాయంత్రం మీరు గొళ్లెం పెట్టారు. పెట్టడం నేను చూశాను."

"చూశావా?"

"రెండుసార్లు లాగి కూడా చూశారు."

సంఘం ఆయన గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. అత్త దొడ్డి వైపు చెయ్యి చూపించింది.

"బూడిద ఇక ఈనకపోవచ్చు. ఇదే దాని ఆఖరి కాన్పేమో, తెలుసా?"

"తెలుసు. తిట్టండత్తయ్యా."

"తిడతాను. బతికినన్నాళ్లూ తిడతాను. కానీ గేటు ఎవరైనా మర్చిపోతారు. రాత్రుళ్లు లేచి కూర్చుని నా కొడుకు పేరు, నీ పేరు పైకి అనుకునేదాన్ని, ఇంకా గుర్తున్నాయో లేదోనని. పక్క గదిలోనే ఉన్నావు కదే."

కోడలు ఆవిడ కుర్చీ పక్కన కూలబడిపోయింది. తిట్లకు భయపడి తాను దాచింది గేటు సంగతి ఒక్కటే కాదని, ఆవిడ ఏమీ మర్చిపోలేదన్న నిజం కూడానని అప్పటికి తెలిసింది.

అత్త పుస్తకం వెనక్కి తీసుకుని, నల్లోడి పేరు అడ్డంగా కొట్టేసింది. ఆ తర్వాత కోడలి తల మీద చెయ్యి వేసింది.

"నువ్వు ఈ ఇంటికొచ్చిన రోజు నాతో అన్న మొదటి మాట ఏంటో చెప్పనా?"

"చెప్పండి."

"ఈ గుర్రాలు కరుస్తాయా అని అడిగావు."

"అవునత్తయ్యా. అదే అడిగాను."

"అయితే నా బుర్ర బాగానే ఉంది," అంది అత్త. అని, పరాయి మనిషి ఎదురుగా ఉన్నాడని కూడా చూడకుండా, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.