దాచిన నలభై వరుసలు

ఉదయం 9:05.

ల్యాబ్‌లో పోయింది బొటనవేలి గోరంత గాజు చిప్. దాని కోసం పోలీసులొచ్చారు.

ఆ చిప్‌లో వెంట్రుక కంటే సన్నని కాలువలు ఉంటాయి. రోగి కణితిలోంచి తీసిన ప్రోటీన్ చుక్క వాటిలో శుభ్రపడి, ముక్కలై, ప్రోటీన్లను తూచి గుర్తుపట్టే మాస్ స్పెక్ట్రోమీటర్ మెషీన్‌కి సిద్ధమవుతుంది. ఈసారి రోగిది మిగిలింది ఒకే చుక్క. నిన్న సాయంత్రం 5:10కి టెక్నీషియన్ దాన్ని చిప్‌లో నింపి, ఫ్రిజ్‌లో పెట్టి తాళం వేసింది. పొద్దున మెషీన్‌కి ఎక్కిస్తే రోగి ప్రోటీన్ ఒక్కటీ కనిపించలేదు. ఎవరో అసలుది తీసి ఖాళీ చిప్ పెట్టారు.

తాళంచెవులు రెండే. ఒకటి టెక్నీషియన్ దగ్గర, ఒకటి ప్రొఫెసర్ దగ్గర.

ప్రొఫెసర్ తన గదిలో కూర్చుని, చలిగా ఉందంటూ స్వెట్టర్ చేతులు కిందికి లాక్కుంటూ, టెక్నీషియన్ మీదే అనుమానం అన్నాడు. చిప్ డిజైన్ కోసం పోటీ కంపెనీలు కాచుక్కూర్చున్నాయట. మధ్యాహ్నానికల్లా ఆమెను ఉద్యోగంలోంచి తీసేస్తానన్నాడు.

ఇన్‌స్పెక్టర్ ఆ మాట నమ్మేసింది. 10:20కి అందరి ముందూ టెక్నీషియన్ బ్యాగు బల్లమీద కుమ్మరించింది. దువ్వెన, టిఫిన్ డబ్బా, పిల్లాడి దగ్గుమందు బయటపడ్డాయి. చిప్ లేదు. టెక్నీషియన్ ఒక్కొక్కటీ తీసి తిరిగి బ్యాగులో సర్దుకుంది. పదిహేనేళ్ల సర్వీసున్న ఇన్‌స్పెక్టర్‌కి తన తొందరపాటు మీద తనకే సిగ్గేసింది.

11:20. ఇన్‌స్పెక్టర్ మెషీన్ ఆపరేటర్ పక్కన కూర్చుంది. స్క్రీన్ మీద మెషీన్ కనిపెట్టిన ప్రోటీన్ల జాబితా, దాని మూల చిన్న అక్షరాలు ఉన్నాయి. దాచిన వరుసలు: 40.

"ఇవేంటి?"

"చెత్త మేడమ్. చర్మం, జుట్టు, దుమ్ము. ఎవరూ చూడరు. అలవాటుగా దాచేస్తాం."

"తెరవండి."

మనిషి చర్మం, మళ్లీ చర్మం. ఆ కిందే గొర్రె ఊలు.

"ల్యాబ్‌లోకి ఊలు బట్టలతో వస్తారా?"

"చచ్చినా రాం. మొదటిరోజే ప్రొఫెసర్ సార్ చెప్పే రూలు అదే."

11:40. ఇన్‌స్పెక్టర్ ప్రొఫెసర్‌ని, టెక్నీషియన్‌ని, ఆపరేటర్‌ని ప్రొఫెసర్ గదిలో కూర్చోబెట్టింది.

"ఖాళీ చిప్ పెట్టిన మనిషి గ్లవ్స్ వేసుకునే ఉంటారు. కానీ మణికట్టు దగ్గరి ఊలు చిప్‌కి తగిలింది. ఇక్కడ ఊలు స్వెట్టర్ మీ ఒక్కరిదే సార్. మిగతా ఇద్దరివీ నూలు కోట్లు."

ప్రొఫెసర్ చెయ్యి బల్ల కిందికి లాక్కున్నాడు. అప్పటికే అందరూ ఆ చెయ్యి వణకడం చూశారు.

ఇక దాచలేదు. 7:30కి మెషీన్ దగ్గరికి తనే తీసుకెళ్తుంటే చిప్ చెయ్యి జారి పగిలిందన్నాడు. రోగి చుక్క నేలపాలైంది. దాని బదులు ఖాళీ చిప్ ఫ్రిజ్‌లో పెట్టేశాడట. ఆర్నెల్లుగా చెయ్యి తన మాట వినడం లేదట.

"ముప్పై ఏళ్లు ఈ పని నేర్పినవాణ్ణి," అన్నాడు. "చెప్పుకోడానికి సిగ్గేసింది."

టెక్నీషియన్ అప్పుడు నోరు విప్పింది.

"మీ చెయ్యి వణుకుతుందని నాకు తెలుసు సార్. అందుకే మీరు వెయ్యాల్సిన చుక్కలు కూడా నేనే వేస్తూ వచ్చాను. ఎవరికీ చెప్పలేదు. నన్ను దొంగని చేస్తారని మాత్రం అనుకోలేదు."

ప్రొఫెసర్ తలెత్తలేదు. క్షమించమని అడగడానికి ఇన్‌స్పెక్టర్‌కీ ముఖం చెల్లలేదు.